జొన్నలకు వెళ్ళండి, మొక్కజొన్నలు మాత్రం వద్దు

మధురవాడలో మా వీధి చివర కొత్తగా పెట్టిన ధాన్యాల కొట్టు ఇది, పేరు రాయను. జొన్నలకు వంక పెట్టలేం, రాయీ రప్పా లేకుండా శుభ్రంగా ఉన్నాయి. రవ్వ ఆడిద్దామని మూడు కిలోల మొక్కజొన్నలు కూడా తెచ్చాను, సంచి విప్పగానే ముక్కిన వాసన. పళ్ళెంలో పోసి చూస్తే కొన్ని గింజల మొన దగ్గర పసుపు కలిసిన ఆకుపచ్చ పొడి, వేలికి కూడా అంటుకుంది. ఆస్పర్‌జిల్లస్ బూజు ఇలాగే ఉంటుంది, అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టించేది అదే.

తీసుకెళ్ళి చూపిస్తే "కడిగి ఎండబెట్టేయండమ్మా, పోద్ది" అన్నాడు. పైనున్న బూజు పోతుందేమో గానీ లోపలికి దిగిన విషం మన వంట వేడికి పోదు కదా! 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో బూజు పట్టిన మొక్కజొన్నలు తిని కామెర్లు వచ్చి, పొట్టలు ఉబ్బి, వంద మందికి పైగా పోయారు. మన దేశంలో కిలో ధాన్యంలో ఇది 15 మైక్రోగ్రాములు దాటకూడదని రూలు, అంత తక్కువ మోతాదు కంటికి ఎక్కడ కనపడుతుంది?

తప్పు ఎక్కడుందో కొట్టులో నిలబడితేనే తెలిసిపోయింది. బస్తాలన్నీ గచ్చు మీదే, చెమ్మ దిగిన గోడకి ఆనించి ఉన్నాయి. అసలే సముద్రపు గాలి, కింద చెక్కబల్లలైనా వేసుకోవాలి కదా. డబ్బులు మాత్రం తిరిగి ఇచ్చాడు, కొంచెం మొహం ముడుచుకునే. ఆ గింజలు కోళ్ళకి వేస్తానన్నాడు, వద్దు బాబూ, ఈ విషం బయటపడిందే 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్ళు లక్షకు పైగా చచ్చాక అని చెప్పి వచ్చాను. విన్నాడో లేదో.

జొన్నలకు నాలుగు స్టార్లు, మొక్కజొన్నకు సున్నా.