ఫోకస్ స్టాకింగ్ అతుకులు, లేయర్ మాస్క్: చాలాకాలం వాడిన మీదట నా సమీక్ష

నేను నెల్లూరులో పెళ్లిళ్ల ఫొటోగ్రాఫర్‌ని. మూఢంలో, ఆషాఢంలో పని తగ్గినప్పుడు కెమెరా తీసుకుని మైపాడు, ఉదయగిరి, పెంచలకోన వైపు వెళ్తుంటాను. కొన్నేళ్లుగా నా ల్యాండ్‌స్కేప్‌లన్నీ ఫొటోషాప్‌లో స్టాక్ చేసి, అంటే వేర్వేరు దూరాల్లో ఫోకస్ చేసి తీసిన ఫ్రేములను ఒకే ఫొటోగా కలిపి, అతుకుల్లో వచ్చే తప్పులను లేయర్ మాస్క్‌తో (లేయర్‌లో ఏ చోటు కనపడాలో, ఏది దాగాలో చెప్పే పొరతో) చేత్తో దిద్దుతున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఫ్రేములను తనే కలిపే ఆటో బ్లెండ్ పనిని మొదలుపెట్టి ఇస్తుందంతే. గోడకు పెట్టుకోదగ్గ ఫొటో తయారయ్యేది మాస్క్ దగ్గరే. ఈ పద్ధతిని నేను వదలను, నేర్చుకోమని అడిగినవాళ్లందరికీ చెబుతాను. అయితే దీని హద్దులు తెలుసుకుని వాడాలి.

స్టాకింగ్ అవసరం ఎక్కడ వస్తుందంటే, ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 24 ఎంఎం లెన్స్ అపెర్చర్‌ని (వెలుగు వచ్చే రంధ్రాన్ని) ఎఫ్/8 దగ్గర పెడితే హైపర్‌ఫోకల్ దూరం, అంటే ఎక్కడ ఫోకస్ చేస్తే చిట్టచివరి దూరం దాకా షార్ప్‌గా వస్తుందో ఆ దూరం, సుమారు 2.4 మీటర్లు. అక్కడ ఫోకస్ చేస్తే 1.2 మీటర్ల నుంచి దూరపు కొండ దాకా పనికొచ్చేంత షార్ప్‌నెస్ ఉంటుంది. గట్టు మీద కెమెరాని కిందికి దించి, అడుగు దూరంలో వంగిన వరి వెన్ను కూడా గింజ గింజా కనపడాలంటే అది చాలదు. అపెర్చర్‌ని బాగా చిన్నది చేసి ఎఫ్/22కి వెళ్తే డిఫ్రాక్షన్ (సన్నటి రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల ఫొటో మొత్తం మెత్తబడుతుంది. అందుకని ఎఫ్/8కీ ఎఫ్/11కీ మధ్య ఉంచి, దగ్గర నుంచి దూరానికి ఫోకస్ జరుపుతూ నాలుగైదు ఫ్రేములు తీస్తాం. వాటిని కలిపే సౌకర్యం ఫొటోషాప్‌లోకి 2008లో సీఎస్4తో వచ్చింది. ఎడిట్ మెనూలో ముందు ఫ్రేములను ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చే ఆటో అలైన్ లేయర్స్, ఆ తర్వాత ఆటో బ్లెండ్ లేయర్స్‌లో స్టాక్ ఇమేజెస్. ఏ ఫ్రేములో ఏ చోటు షార్ప్‌గా ఉందో చూసి, ఆ ముక్క మాత్రమే కనపడేలా ఒక్కో లేయర్‌కీ మాస్క్ తనే వేస్తుంది. కదలని రాయీ మట్టీ ఉన్న ఫొటోల్లో, ఉదయగిరి కొండ మీద తీసినలాంటి వాటిలో, చాలావరకు బాగానే వేస్తుంది.

ఇబ్బంది అంచుల దగ్గర. దగ్గరి రాయి వెనక సముద్రం ఉందనుకోండి. సముద్రం మీద ఫోకస్ చేసిన ఫ్రేములో రాయి మసకబారుతుంది. మసకబారిందంటే దాని అంచు బయటికి పాకిందన్నమాట. పాకినంత మేరా వెనకున్న సముద్రాన్ని మసక కప్పేస్తుంది. రాయి మీద ఫోకస్ చేసిన ఫ్రేములో ఆ పట్టీ బయటపడే ఉంటుంది, కానీ అక్కడ సముద్రమే మసకగా ఉంటుంది. అంటే రాయిని ఆనుకున్న ఆ సన్నటి పట్టీలో షార్ప్ సముద్రం ఏ ఫ్రేములోనూ లేదు. సాఫ్ట్‌వేర్ రెండిట్లో ఏది ఎంచుకున్నా రాయి చుట్టూ పొగచూరినట్టు ఒక వలయం కనిపిస్తుంది. దీన్నే హేలో అంటారు. ఇది ప్రోగ్రాం రాసినవాళ్ల లోపం కాదు, లెన్స్ పనిచేసే తీరే అంత. ఈ ఒక్క సంగతి అర్థమైతే మాస్క్‌తో ఏం చేయగలమో, ఏం చేయలేమో రెండూ తెలిసిపోతాయి.

చేయగలిగింది ఇది. ఆ పట్టీలో దగ్గరి ఫ్రేమునే ఉంచి, అక్కడి నుంచి దూరపు ఫ్రేములోకి మెత్తగా జరగాలి. వెనక ఉన్నది ఆకాశమైతే సమస్యే లేదు. మసక ఆకాశానికీ షార్ప్ ఆకాశానికీ కంటికి తేడా తెలియదు కాబట్టి రాయి అంచు దాటి కాస్త దూరం దగ్గరి ఫ్రేము ఆకాశమే ఉంచేస్తాను. వెనక సముద్రమో గడ్డో ఉంటే పట్టీ కొంచెం మెత్తగానే మిగులుతుంది. దాన్ని అలాగే ఉంచడం నాకిష్టం. మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తే, పైన ఖాళీ లేయర్ పెట్టి పక్కనున్న షార్ప్ నీళ్లను క్లోన్ స్టాంప్‌తో తెచ్చి పూస్తాను. తీసేటప్పుడు ఎఫ్/5.6 బదులు ఎఫ్/11 పెడితే మసక పాకేది తగ్గుతుంది, పట్టీ సన్నబడుతుంది. కంప్యూటర్ ముందు కూర్చునే సమయంలో సగం దీనివల్లే మిగులుతుందని నా అనుభవం.

ఇక దిద్దే వరుస. ఇక్కడే చాలామంది విసుగొచ్చి వదిలేస్తున్నారు. ఆటో బ్లెండ్‌లో సీమ్‌లెస్ టోన్స్ అండ్ కలర్స్ అనే టిక్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే అతుకుల దగ్గర వెలుగూ రంగూ కలిసిపోయేలా లేయర్లలోని పిక్సెళ్లనే మారుస్తుంది. కలిసిన ఫొటో అందంగా వస్తుంది. కానీ ఆ తర్వాత ఆ మాస్క్ మీద బ్రష్ వేస్తే, దాగి ఉన్న చోట్ల నుంచి వింత రంగులూ మచ్చలూ బయటికొస్తాయి. కాబట్టి అలైన్ అయ్యాక, బ్లెండ్ చేయకముందు, లేయర్లన్నిటినీ ఒక గ్రూపుగా డూప్లికేట్ చేసి దాచాలి. బ్లెండ్ చేయాల్సింది ఒక సెట్టునే. అది అయ్యాక, దాచిన సెట్టులోని లేయర్లను ఫలితం పైన పెట్టి, ఆల్ట్ నొక్కి లేయర్స్ ప్యానెల్ అడుగున ఉన్న మాస్క్ బొమ్మ మీద క్లిక్ చేస్తే ఒక్కోదానికి నల్లటి మాస్క్ వస్తుంది. నలుపు దాస్తుంది, తెలుపు చూపిస్తుంది. తప్పున్న చోట సరైన ఫ్రేము లేయర్‌ని ఎంచుకుని, మాస్క్ మీద తెల్లటి బ్రష్‌తో పూస్తే ఆ తప్పు పోతుంది. ఎక్కువైతే ఎక్స్ కీ నొక్కి నలుపుతో వెనక్కి. అసలు ఫొటోకి ఏమీ కాదు కాబట్టి టెన్షన్ లేకుండా ఎన్నిసార్లైనా దిద్దుకోవచ్చు.

తప్పులు వెతకడానికి ఆటో బ్లెండ్ వేసిన మాస్క్‌నే చూడమంటాను. ఆల్ట్ నొక్కి ఆ మాస్క్ మీద క్లిక్ చేస్తే తెర మీద నలుపు తెలుపులు మాత్రమే మిగులుతాయి. నల్లటి మైదానం మధ్యలో చిన్న చిన్న తెల్లటి దీవులు కనిపిస్తే అక్కడ ప్రోగ్రాం తడబడిందని గుర్తు. ఆకాశంలో ఇవి ఎక్కువగా వస్తాయి. ఆకాశంలో పట్టుకోవడానికి వివరం ఏమీ ఉండదు కాబట్టి నాయిస్ అనే గరుకు చుక్కలనీ సెన్సార్ మీది దుమ్మునీ షార్ప్‌నెస్ అనుకుని ముక్కలు ముక్కలుగా ఎంచుకుంటుంది. అలాంటప్పుడు పెద్ద మెత్తటి బ్రష్‌తో ఆకాశమంతా దూరపు ఫ్రేము నుంచే తెచ్చుకోవడం మేలు.

బ్రష్ విషయంలో ఒక్క మాట. నేల ఎటూ తెగకుండా దగ్గర నుంచి దూరానికి సాగే చోట హార్డ్‌నెస్ (బ్రష్ అంచు గట్టిదనం) సున్నా పెట్టి, పెద్ద బ్రష్‌తో, ఫ్లో (రంగు పడే జోరు) 20, 30 శాతం మధ్య ఉంచి పొరలు పొరలుగా పూయాలి. రాయి అంచు లాంటి చోట హార్డ్‌నెస్ 50 నుంచి 70 దాకా పెంచి, 100 శాతం జూమ్‌లో, అంచు ఎంత గట్టిగా ఉందో బ్రష్ అంత గట్టిగా ఉండేలా చూసుకోవాలి. మాస్క్ అంచు ఫొటోలోని అంచు కన్నా పదునుగా ఉంటే కత్తిరించి అతికించిన బొమ్మలా తేలిపోతుంది. మౌస్‌తోనూ చేయొచ్చు. పెన్ టాబ్లెట్ ఉంటే చెయ్యి నొప్పి పుట్టదు, గీత మన మాట వింటుంది.

మన తీరంలో అసలు పరీక్ష గాలి. మైపాడు, కోడూరు, కొత్తపట్నం ఎక్కడికెళ్లినా సరుగుడు తోపులుంటాయి. ఆ సన్నటి ఈనెలు ఏ రెండు ఫ్రేముల్లోనూ ఒక్కచోట ఉండవు. స్టాక్ చేశాక కొమ్మలు రెండేసిగా, దెయ్యపు నీడల్లా కనిపిస్తాయి. ఇక్కడ ఈనె ఈనెకీ మాస్క్ వేద్దామనుకుంటే తెల్లారిపోతుంది. చెట్టు షార్ప్‌గా ఉన్న ఫ్రేము ఒకటి ఎంచుకుని, చెట్టునూ దాని సందుల్లోని ఆకాశాన్నీ కలిపి ఆ ఫ్రేము నుంచే తెచ్చేయాలి. ఆబ్జెక్ట్ సెలక్షన్ లాంటి కొత్త సాధనాలు రాళ్లకు బాగా పనికొస్తున్నాయి, మాస్క్‌కి మంచి మొదలు ఇస్తున్నాయి. సరుగుడు ఆకు దగ్గర మాత్రం నాకు వాటి మీద నమ్మకం కుదరలేదు.

అలలు ఇంకో రకం. ఒక్కో ఫ్రేములో ఒక్కో అల ఉంటుంది కాబట్టి కలిపిన ఫొటోలో సగం అల, సగం వట్టి నీళ్లు వస్తాయి. సముద్రానికంతా ఒకే ఫ్రేము వాడాలి. ఏ అల బాగుందో నాకు నచ్చింది ఎంచుకోవడానికి దూరపు ఫ్రేముని మొదట్లో ఒకసారీ చివర్లో ఒకసారీ తీస్తాను. పొద్దు సముద్రం మీదే పొడుస్తుంది కాబట్టి వెలుగు చకచకా మారుతుంటుంది, దానికీ ఇదే రక్ష. దగ్గరి ఇసుక ఫ్రేముతో అతికేటప్పుడు మాస్క్ గీతను నురగ గీత వెంటే తీసుకెళ్లండి. అక్కడ అతుకు ఎవరికీ దొరకదు. స్టాండు కాళ్లను మాత్రం అల తగిలే చోట పెట్టొద్దు. నీళ్లు వెనక్కి పోతూ కాళ్ల కింది ఇసుకను లాక్కుపోతాయి, స్టాక్ మధ్యలో కెమెరా కుంగుతుంది. అలా జరిగిన కదలికను ఆటో అలైన్ అన్నిసార్లూ సరిచేయలేదు.

వరిపొలాలు నాకు బాగా ఇష్టమైన చోటు. నెల్లూరు పొలాల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో వెన్నులు వంగి ఉంటాయి, పొద్దున్నే గాలి పడి ఉంటుంది. పైరంతా ఒకే రకం అల్లిక కాబట్టి నడిమి భాగంలో అతుకు ఎక్కడ వేసినా కలిసిపోతుంది. కష్టమంతా అంచు దాటి ఆకాశంలోకి నిలబడ్డ నాలుగు ఆకుల దగ్గర. సన్నటి ఆకుకి రెండు వైపులా హేలో వస్తుంది, దాని వెనక తాటిచెట్ల వరుస ఉంటే ఆ వరుసలో తునకలు మాయమవుతాయి. ఇలాంటప్పుడు దగ్గరి ఆకు ఫొటోకి నిజంగా కావాలా అని తీసేటప్పుడే ఆలోచిస్తాను. కెమెరా రెండంగుళాలు పైకెత్తి ఆకును పైరు లోపలికి దించేస్తే ఆ మాస్క్ పని మొత్తం తప్పుతుంది.

లోటుపాట్లలో నన్ను బాగా ఇబ్బంది పెట్టింది ఫైలు సైజు. 24 మెగాపిక్సెళ్ల ఫొటో 16 బిట్‌లో ఒక్కో లేయర్ దాదాపు 144 ఎంబీ. ఐదు ఫ్రేములు, వాటి డూప్లికేట్లు కలిపితే కంప్రెషన్‌కి ముందే జీబీన్నర దగ్గరికి వస్తుంది. పీఎస్‌డీ ఫైలుకి హద్దు 2 జీబీ, అది దాటితే పెద్ద ఫైళ్లకు ఉన్న పీఎస్‌బీ రకంగా సేవ్ చేయాలి. ర్యామ్ 16 జీబీ లేకపోతే బ్రష్ వేసిన గీత వెనకాలే నడుస్తూ వస్తుంది. ఇంకొకటి, ఫోకస్ జరిపే కొద్దీ చాలా లెన్సుల్లో బొమ్మ సైజు కొద్దిగా మారుతుంది. అలైన్ అయ్యాక అంచులు కోయాల్సి వస్తుంది కాబట్టి ఫ్రేముని కాస్త వదులుగా పెట్టుకోవాలి.

ఫోన్లో చూసుకునే ఫొటోకి ఇంత శ్రమ అక్కర్లేదని గట్టిగా చెబుతాను. ఆ సైజులో హేలో కనపడదు. 24 బై 36 అంగుళాల ప్రింటు వేయించి హాల్లో పెట్టుకునేవాళ్లకు మాత్రం ప్రతి మచ్చా కనపడుతుంది, అక్కడ ఈ పనికి వందకు వంద మార్కులు. హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ లాంటి ప్రత్యేక ప్రోగ్రాములూ ఉన్నాయి. ఫ్రేములు ఎక్కువగా ఉండే పూలు, పురుగుల ఫొటోలకు అవి ముందుంటాయి. నాలుగైదు ఫ్రేముల ల్యాండ్‌స్కేప్‌కి నేను లేయర్ మాస్క్‌నే ఎంచుకుంటాను.

డబ్బు పెట్టలేని కుర్రాళ్లకు ఉచిత దారి కూడా ఉంది. హుగిన్ అనే పనోరమా ప్రోగ్రాంతో వచ్చే అలైన్ ఇమేజ్ స్టాక్ టూల్‌తో ఫ్రేములు సరిపెట్టి, వాటిని కలిపే ఎన్‌ఫ్యూజ్‌లో ఎక్స్‌పోజర్, శాచురేషన్ వెయిట్లు సున్నా చేసి, కాంట్రాస్ట్ వెయిట్ ఒకటి పెట్టి, హార్డ్ మాస్క్ ఆన్ చేస్తే స్టాక్ తయారవుతుంది. ఆ ఫలితాన్నీ, అలైన్ అయిన టిఫ్ ఫైళ్లనీ గింప్ అనే ఉచిత ఎడిటర్‌లో లేయర్లుగా తెరిచి నల్ల మాస్కులు తగిలిస్తే, పైన చెప్పిన దిద్దుబాటంతా అక్కడా ఇలాగే చేసుకోవచ్చు.