డీలర్ల వేలంలో కొన్న క్యామ్రీ, ఆరేళ్ల వాడకం తర్వాత

2019లో డాలస్‌లో నేను కొన్న 2016 టొయోటా క్యామ్రీ ఎస్‌ఈ ఇప్పటికి లక్షా పది వేల మైళ్లు దాటింది. ఇంజిన్, గేర్‌బాక్స్ ఇంతవరకూ విప్పించిన పని లేదు. ఆ మెప్పు టొయోటాదే. నేను చెప్పాలనుకున్నది ఆ బండి నా చేతికొచ్చిన దారి గురించి: డీలర్లకు తప్ప బయటివాళ్లకు ప్రవేశం లేని వేలంలో, లైసెన్సున్న ఒక తెలుగాయన నా కోసం పాడితే వచ్చింది. "ఆక్షన్‌లో అయితే సగం ధరకే వచ్చేస్తుంది" అని మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాట మాత్రం నమ్మకండి.

ఈ వ్యాపారంలో పెద్ద పేరు మ్యాన్‌హైమ్. 1945లో పెన్సిల్వేనియాలో అదే పేరున్న ఊళ్లో మొదలైంది. అడెసా ఇంకొకటి. లీజు తీరిన బండ్లు, అద్దె కంపెనీలు వదిలించుకునేవి, వాయిదాలు కట్టక బ్యాంకులు గుంజుకున్నవి అన్నీ ఇలాంటి చోట్లకే చేరతాయి. షోరూములు పాత బండిని ఎక్స్‌చేంజ్‌లో తీసుకుని, తమ దగ్గర అమ్మకుండా ఇక్కడికి తోలేవి కూడా ఉంటాయి. వాటి జోలికి పోవద్దన్నది మా డీలరన్న మొదటి షరతు. బాగున్న బండిని షోరూమువాడు తనే అమ్ముకుంటాడు కదా! అందుకే మేం లీజు తీరిన మూడేళ్ల బండ్లే చూశాం. ఇంకో లాభం కూడా ఉంది: టొయోటా ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీ ఐదేళ్లు లేదా అరవై వేల మైళ్లు, యజమాని మారినా బండితోనే వస్తుంది. నాది అప్పటికి ముప్పై ఎనిమిది వేల మైళ్లే తిరిగింది.

పాట మొదలయ్యాక ఆలోచించే టైముండదు. ఒక్కో బండి నిమిషం తిరక్కుండానే అమ్ముడైపోతుంది. చూడాల్సింది బండ్లు వరసగా వచ్చే లేన్ దగ్గర వెలిగే లైటు. ఆకుపచ్చది వెలిగితే చెప్పని పెద్ద మెకానికల్ లోపం బయటపడినప్పుడు ఫిర్యాదు చేసుకోవచ్చు. పసుపు వెలిగితే అమ్మేవాడు ఏదో లోపం ప్రకటిస్తున్నాడని, చెవులు రిక్కించుకోవాలి. ఎరుపంటే ఉన్నది ఉన్నట్టే, ఇంజిన్ పోయినా నీ ఖర్మ. నీలం అంటే బండి ఎవరిదో చెప్పే టైటిల్ కాగితం ఇంకా చేతికి రాలేదని. నా బండికి పచ్చతోపాటు నీలం కూడా వెలిగింది.

ఆన్‌లైన్‌లో పాట నడుస్తుంటే డీలరన్న ఆఫీసులో పక్కనే కూర్చున్నాను. అంతకుముందు పాటలో ఒక తెల్ల క్యామ్రీ మేం అనుకున్న ధర దాటింది. "అన్నా, ఇంకో ఐదొందలు పెడదామా?" అన్నాను. "వద్దు తమ్మీ. క్యామ్రీలకేం కరువు, వచ్చే వారం మళ్లొస్తయ్" అని మౌస్ వదిలేశాడు. ఆయనకిచ్చిన ఐదొందల డాలర్లలో సగం ఆ "వద్దు"కే చెల్లింది అనుకుంటాను.

లెక్క ఇదీ. పాట పదమూడు వేల నూరు దగ్గర ఆగింది. వేలం సంస్థ ఫీజు సుమారు నాలుగొందలు, అన్న ఫీజు ఐదొందలు, కొన్న రోజే చేయించే తనిఖీ, క్లీనింగు కలిపి రెండొందల యాభై. బండి ఒక్క తాళంచెవితోనే వచ్చింది. వేలం బండ్లకు ఇది మామూలేనట. రెండో తాళం, వెనక టైర్లు రెండు, ముందు బ్రేక్ ప్యాడ్లు కలిపి ఏడొందలు. మొత్తం పదిహేను వేలకు కాస్త తక్కువ. అలాంటి బండే అప్పుడు షోరూముల్లో పదహారున్నర వేలు చెప్పారు. టెక్సస్ పన్ను ఆరుంబావు శాతం ఎటూ తప్పదు. అంటే మిగిలింది పదిహేనొందల పైచిలుకు. సగం ధర ఎక్కడ, ఇదెక్కడ!

ఆ తనిఖీకి మాత్రం పిసినారితనం పనికిరాదు. 2017 ఆగస్టులో హార్వీ తుఫాను హ్యూస్టన్‌ను ముంచినప్పుడు లక్షల కార్లు నీళ్లలో నానాయి. వాటిలో కొన్ని కడిగి, తుడిచి, మళ్లీ అమ్మకానికి వస్తున్నాయన్న భయం ఇక్కడ అందరికీ ఉండేది. బండి రాగానే కార్పెట్ ఎత్తి, స్టెప్నీ గుంటలో ఒండ్రు ఉందేమో, సీటు పట్టాలు తుప్పు పట్టాయేమో నేనూ చూసుకున్నాను. శుభ్రంగానే ఉంది. వెనక బంపరుకు మళ్లీ రంగేశారని రిపోర్టులోనే రాశారు. ఆరేళ్ల ఎండకు ఆ ఒక్కచోటే వెలిసింది.

నన్ను నిజంగా విసిగించింది ఆ నీలం లైటే. అమ్మిన లీజు సంస్థ టైటిల్ పంపడంలో జాగు చేసింది. అరవై రోజుల కాగితం నంబరు ప్లేటు గడువు ముగుస్తుందనగా వచ్చింది. అప్పటిదాకా రిజిస్ట్రేషన్ లేదు. ఇప్పుడైతే టెక్సస్‌లో ఆ కాగితం ప్లేట్లే లేవు, 2025 జులై నుంచి ఎత్తేశారు. నీలం వెలిగిన బండిని ఈసారి ఎంత చవకొచ్చినా ముట్టుకోను.

డీలరు ముందు తన పేరున కొని, బిల్లు రాసి, పన్ను కట్టించుకుని మీకు అమ్మాలి. "నా పేరెందుకు, టైటిల్ మీద నేరుగా మీ పేరు రాయించేస్తా" అనేవాడు ఎంత చుట్టమైనా దండం పెట్టి వచ్చేయండి. రేపు కాగితాల్లో తేడా వస్తే ఆర్టీవో లాంటి ఆఫీసుల చుట్టూ తిరిగేది మీరే. డబ్బు కూడా వేలానికి ముందే ఆయన చేతిలో పెట్టాలి. అందుకే మనిషిని చూసుకున్నాకే బండిని చూసుకోవాలి.

క్యామ్రీ, అకార్డ్, సీఆర్వీ లాంటి వాటికైతే ఈ దారి నాకు నచ్చింది. ఎక్కడ చూసినా దొరుకుతాయి, ధర అందరికీ తెలుసు, తేడా వస్తే వదిలేసి ఇంకోటి చూడొచ్చు. బీఎండబ్ల్యూ, ఆడీ మోజున్నవాళ్లకు మాత్రం చెప్పను. ఒక్క రిపేరు చాలు, మిగిలిందంతా ఊడ్చుకుపోతుంది. 2021 చివర్లో మా ఆవిడకు బండి కావాల్సి వచ్చి మళ్లీ అన్నకే ఫోన్ చేశాను. అప్పటికి వేలం ధరలు చుక్కలనంటాయి, షోరూముకీ వేలానికీ పెద్ద తేడా లేదు. "నా ఫీజు దండగ తమ్మీ, వారంటీ ఇచ్చే షోరూముకే పో" అన్నాడు. అలాగే చేశాం.