అర్జెంటీనా లీగ్ “పూర్తి సీజన్ పాస్” కొనబోతున్న నెల్లూరు, ఒంగోలు మిత్రులకు జాగ్రత్త హెచ్చరిక

అర్జెంటీనా ఫుట్‌బాల్ లీగ్ చూడడానికి “పూర్తి సీజన్ పాస్” ఇస్తామంటూ నెల్లూరు, కావలి, ఒంగోలు వాట్సాప్ గ్రూపుల్లో ఒక ప్రకటన మళ్లీ తిరుగుతోంది. గత ఏడాది జనవరిలో ఇదే ప్రకటన చూసి, ఇదే విక్రేతకు 1,499 రూపాయలు చెల్లించి పాస్ తీసుకున్నవారిలో నేనూ ఉన్నాను. ఆ పాస్ సగం సీజన్ వరకే పనిచేసింది. మిగిలిన సగానికి మళ్లీ డబ్బు అడిగారు, మొదట కట్టిన దానిలో ఒక్క రూపాయి కూడా తిరిగి ఇవ్వలేదు. ఈసారి కొనదలచినవారు ఫోన్‌పే తెరిచే ముందు ఈ విషయం పూర్తిగా చదవవలసిందిగా కోరుతున్నాను.

అమ్మినది నెల్లూరు నగరంలో డిష్ కనెక్షన్లు, ఇంటర్నెట్, మొబైల్ రీఛార్జ్ వ్యాపారం చేసే ఒక దుకాణం. ఫిర్యాదు ప్రయత్నం నడుస్తున్నందున పేరు రాయడం లేదు. ప్రకటనలో “అర్జెంటీనా లీగ్ 2025, పూర్తి సీజన్, అన్ని మ్యాచ్‌లు” అని పెద్ద అక్షరాలతో ఉంది. ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు అన్నది మాత్రం ఎక్కడా లేదు. ఫోన్ చేసి అడిగితే, “ఛాంపియన్ ఎవరో తేలేదాకా వస్తుంది సార్, మీకెందుకు భయం” అని సమాధానం వచ్చింది. వినడానికి ఇది ధైర్యం చెప్పే మాటలాగే ఉంటుంది. కానీ ఆ లీగ్‌లో ఏడాదికి ఇద్దరు ఛాంపియన్లు తేలుతారన్న సంగతి అమ్మేవారికి ముందే తెలుసునని తర్వాత జరిగినదాన్ని బట్టి అర్థమవుతుంది.

2025లో ఆ లీగ్ ఎలా నడిచిందో కొంత వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే మోసమంతా ఆ ఏర్పాటులోనే దాగి ఉంది. మొత్తం 30 జట్లను పదిహేనేసి చొప్పున రెండు విభాగాలుగా చేశారు. జనవరిలో మొదలైన మొదటి భాగాన్ని అపెర్తురా అని, జూలైలో మొదలైన రెండో భాగాన్ని క్లౌసురా అని పిలుస్తారు. ఒక్కో భాగంలో ప్రతి జట్టు 16 మ్యాచ్‌లు ఆడుతుంది. ప్రతి విభాగంలో మొదటి ఎనిమిది స్థానాల్లో ఉన్న జట్లు నాకౌట్‌కు వెళ్తాయి. అక్కడి నుండి ఓడినవారు ఇంటికి, గెలిచినవారు ముందుకు, చివరకు ఒక ఫైనల్. జూన్ 1న శాంతియాగో దెల్ ఎస్తెరో నగరంలో జరిగిన అపెర్తురా ఫైనల్లో ప్లాతెన్సే జట్టు ఉరకాన్‌ను 1–0తో ఓడించింది. 1905లో పుట్టిన ఆ చిన్న క్లబ్బుకు అగ్రశ్రేణిలో అదే తొలి టైటిల్ కావడంతో, ఎవరి అభిమానులమైనా ఆ విజయానికి సంతోషించాము. ఆ సంతోషం తీరకముందే మా లాగిన్‌లు పనిచేయడం మానేశాయి. దుకాణానికి వెళ్లి అడిగితే, “ఛాంపియన్ తేలింది కదా సార్, సీజన్ అయిపోయింది. తర్వాతిది వేరే సీజన్, దానికి 1,799” అన్నారు.

రెండో సగానికి ధర ఎందుకు పెరిగిందో ఫుట్‌బాల్ చూసేవారికి వేరే చెప్పనవసరం లేదు. ఆంహెల్ డి మరియా ఐరోపా నుండి తన సొంత జట్టు రొసారియో సెంట్రల్‌కు తిరిగి వస్తున్నట్టు అప్పటికే ఖరారైంది. లెయాంద్రో పరేదెస్ బోకా జూనియర్స్‌కు వచ్చాడు. 2022 ప్రపంచ కప్ గెలిచిన జట్టులోని ఇద్దరు ఆటగాళ్లను స్వదేశీ లీగ్‌లో చూసే అవకాశం సరిగ్గా క్లౌసురాతోనే మొదలైంది. జూలైలో తన తొలి మ్యాచ్‌లోనే డి మరియా పెనాల్టీని గోల్‌గా మలిచాడు. జనవరిలో డబ్బు కట్టినవారికి దక్కవలసిన ఆ మ్యాచ్‌లను, గిరాకీ పెరిగాక, అదే మనుషులకు ఎక్కువ ధరకు మళ్లీ అమ్మారు. నాకు అన్నిటికంటే కష్టం కలిగించినది ఇదే.

విక్రేత వాదనలో కొంత నిజం లేకపోలేదు, దాన్ని దాచడం న్యాయం కాదు. అపెర్తురాకు, క్లౌసురాకు విడివిడిగా ఛాంపియన్లు ఉంటారు. 1990ల మొదట్లో ఆ దేశంలో ఈ పద్ధతి ప్రవేశపెట్టినప్పటి నుండి దాదాపు రెండు దశాబ్దాల పాటు ఏటా రెండు టైటిళ్లు ఇచ్చారు కూడా. ఎవరైనా “అపెర్తురా పాస్” అని స్పష్టంగా రాసి అమ్మితే అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అయితే “2025 పూర్తి సీజన్” అని రాసినప్పుడు లెక్క మారుతుంది. రెండు భాగాల పాయింట్లనూ కలిపి అక్కడ ఒక వార్షిక పట్టిక తయారు చేస్తారు. కింది డివిజన్‌కు పడిపోయే రెండు జట్లలో ఒకదాన్ని ఆ వార్షిక పట్టికలో అట్టడుగు స్థానాన్ని బట్టి, మరొకదాన్ని కొన్నేళ్ల సగటు పాయింట్లను బట్టి డిసెంబరు లోపల తేలుస్తారు. దక్షిణ అమెరికా ఖండ స్థాయి పోటీలకు అర్హతలోనూ వార్షిక పట్టికకు పాత్ర ఉంది. అంతెందుకు, 2025 నవంబరులో ఆ దేశపు ఫుట్‌బాల్ సంఘం వార్షిక పట్టికలో మొదటి స్థానంలో నిలిచిన రొసారియో సెంట్రల్‌కు ప్రత్యేకంగా “లీగ్ ఛాంపియన్” బిరుదు ప్రకటించింది. (ఆ నిర్ణయం నచ్చని ఎస్తూదియాంతెస్ ఆటగాళ్లు, సెంట్రల్ జట్టుకు స్వాగతంగా వరుసలో నిలబడవలసిన సమయంలో వీపు చూపించి నిరసన తెలిపారు. చివరికి డిసెంబరులో క్లౌసురాను గెలిచింది కూడా ఆ ఎస్తూదియాంతెస్ జట్టే. ఇవేవీ మా పాస్‌లో చూడలేకపోయాము.) అక్కడి సంఘమే ఏడాది మొత్తాన్ని ఒకే లెక్కగా చూస్తున్నప్పుడు, జూన్ మొదటి వారంలో “పూర్తి సీజన్ అయిపోయింది” అనే మాట ఎలా నిలుస్తుందో విక్రేతే చెప్పాలి.

ఇది ఒక్క అర్జెంటీనా లీగ్‌కు పరిమితమైన ఇబ్బంది కాదు కనుక, ఇతర లీగ్‌ల పాస్‌లు కొనేవారు కూడా గమనించవలసినవి కొన్ని ఉన్నాయి. మెక్సికోలోనూ అపెర్తురా, క్లౌసురా అనే పేర్లే వాడతారు, కానీ నెలలు తిరగబడి ఉంటాయి: అక్కడ అపెర్తురా జూలై నుండి డిసెంబరు వరకు, క్లౌసురా జనవరి నుండి మే వరకు జరుగుతుంది. అంటే క్యాలెండర్ సంవత్సరం లెక్కన పాస్ కొంటే ఒక సీజన్ రెండో సగం, మరో సీజన్ మొదటి సగం చేతికి వస్తాయి. ఒక్కో భాగంలో 17 రౌండ్లు అయ్యాక లిగియా అనే నాకౌట్ దశ ఉంటుంది, అసలు రసవత్తరమైన మ్యాచ్‌లు అవే. ఆ దశ పాస్‌లో ఉందో లేదో ప్రత్యేకంగా అడగకపోతే, లీగ్ మ్యాచ్‌లన్నీ చూసి ఫైనల్‌ను మాత్రం మర్నాడు వార్తల్లో చదువుకోవలసి వస్తుంది.

జపాన్ సంగతి ఇంకా విచిత్రం. జె లీగ్ 2015, 2016 సంవత్సరాల్లో సీజన్‌ను రెండు దశలుగా నడిపి, చివర ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లు పెట్టింది. 2016లో మొత్తం పాయింట్లలో ఉరావా జట్టు 74తో అందరికంటే పైన ఉంది, కషిమా జట్టు 59 దగ్గరే ఆగింది. అయినా మొదటి దశ గెలిచిన కషిమా చివరి పోరులో ఉరావాను దాటి ఛాంపియన్ అయింది. 2017 నుండి జపాన్ ఆ పద్ధతిని వదిలేసింది. పట్టిక చూసి ఛాంపియన్ తేలిపోయాడనుకోవడానికి వీల్లేని లీగ్‌లు ఉంటాయని చెప్పడానికే ఈ ఉదాహరణ.

గ్లాస్గో, ఎడిన్‌బరోలలో చదువుకుంటున్న మన జిల్లాల పిల్లలు అక్కడ మైదానానికి వెళ్లి మ్యాచ్ చూడాలనుకుంటే వారికి కూడా ఒక మాట చెప్పాలి. స్కాటిష్ ప్రీమియర్‌షిప్‌లో 12 జట్లు 33 మ్యాచ్‌ల చొప్పున ఆడాక పట్టికను పై ఆరు, కింది ఆరుగా విడగొడతారు. ఆ తర్వాత ప్రతి జట్టు తన సగంలోని జట్లతోనే మిగిలిన ఐదు మ్యాచ్‌లు ఆడుతుంది. ఆ ఐదు మ్యాచ్‌లలో ఎవరితో, ఎప్పుడు, ఎవరి మైదానంలో అన్నది విభజన దాకా తేలదు. మొత్తం 38లో సొంత మైదానంలో ఆడేవి సరిగ్గా 19 కాకుండా ఒకటి అటూ ఇటూ కావచ్చు. కనుక ఫలానా జట్టుతో ఫలానా చివరి హోమ్ మ్యాచ్ టికెట్ అని ముందే ఎవరైనా అమ్మజూపితే, ఆ మ్యాచ్ ఉంటుందో లేదో అమ్మేవారికే తెలియదని గ్రహించాలి. మన దేశంలోనూ ఐ లీగ్ 2020–21లో 11 జట్లు ఒకసారి తలపడ్డాక పై ఆరు జట్లను ఛాంపియన్‌షిప్ కోసం, కింది ఐదు జట్లను వేరుగా ఆడించారు. ఆ ఏడాది గెలిచిన గోకులం కేరళ, అదే తరహాలో జరిగిన మరుసటి సీజన్‌ను కూడా గెలుచుకుంది.

ఇక కొనేవారు ఏమి అడగాలన్న విషయం. “పూర్తి”, “అన్ని” వంటి మాటలను పక్కన పెట్టి, ముగింపు తేదీని అంకెల్లో రాసి ఇవ్వమని అడగండి. అర్జెంటీనా మనకంటే ఎనిమిదిన్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడ రాత్రి తొమ్మిదికి మొదలయ్యే మ్యాచ్ మనకు మర్నాడు తెల్లవారుజామున ఐదున్నరకు వస్తుంది. కాబట్టి ఆ తేదీ భారత కాలమానం ప్రకారమే ఉండాలి, లేకపోతే ఫైనల్ ఉదయమే గడువు తీరిపోవచ్చు. అపెర్తురా, క్లౌసురా, రెండింటి నాకౌట్ దశలు అని పేరు పేరునా రాయించుకోవాలి. ఈ ఏడాది ఇంకొక చిక్కు కూడా ఉంది: జూన్ 11 నుండి జూలై 19 వరకు ప్రపంచ కప్ జరుగుతుంది కనుక రెండు భాగాల మధ్య విరామం ఎక్కువగా ఉంటుంది. ఆ విరామంలో పాస్ ఆగితే “ఇప్పుడు మ్యాచ్‌లు లేవు కదా” అని రోజులు గడిపే అవకాశం విక్రేతకు దొరుకుతుంది.

లాగిన్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మాకు ఇచ్చినది పలువురు కలిసి వాడే ఉమ్మడి పాస్‌వర్డ్ అని తర్వాత తెలిసింది. ప్రసారం చేసే అసలు సంస్థ దృష్టిలో మనం ఖాతాదారులమే కాము, కాబట్టి అక్కడ అడిగినా ఫలితం ఉండదు. పాస్ మీ సొంత మొబైల్ నంబరుపై, మీ పేరుతో తెరిచి ఇస్తేనే తీసుకోండి. అది కుదరదన్నవారి వద్ద ఎంత తక్కువ ధర ఉన్నా కొనవద్దన్నది నా అభిప్రాయం.

బిల్లు తప్పక అడగాలి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అమ్మిన వస్తువుకు లేదా అందించిన సేవకు బిల్లు గానీ రసీదు గానీ ఇవ్వకపోవడం కూడా అనుచిత వ్యాపార పద్ధతి కిందకే వస్తుంది. మాకు ఇచ్చినది వాట్సాప్‌లో బొటనవేలు పైకెత్తిన ఒక ఇమోజీ మాత్రమే. అయినా ప్రకటన స్క్రీన్‌షాట్, చెల్లింపు వివరం, ఆ దుకాణంతో జరిగిన సంభాషణ మా వద్ద ఉన్నాయి. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాము. అక్కడ పరిష్కారం కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలనుకుంటున్నాము. ఐదు లక్షల రూపాయల లోపు చెల్లింపులకు సంబంధించిన ఫిర్యాదుకు అక్కడ రుసుము లేదు, కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే దాఖలు చేయవచ్చు, న్యాయవాది లేకుండానే స్వయంగా వాదించుకోవచ్చు. అంటే ఒంగోలు మిత్రులు ఇందుకోసం నెల్లూరు రావలసిన పని లేదు. ఒకే రకమైన నష్టం జరిగినవారు పలువురు ఉంటే కమిషన్ అనుమతితో అందరి తరఫున ఒకే ఫిర్యాదు వేసే వీలు కూడా చట్టంలో ఉంది. వివాదానికి కారణం తలెత్తిన నాటి నుండి రెండేళ్ల లోపల ఫిర్యాదు చేయాలి. మా పాస్‌లు ఆగిపోయింది 2025 జూన్‌లో కనుక 2027 జూన్ వరకు గడువు ఉంది, కానీ అంతదాకా ఆగితే పాత ఫోన్లతో పాటు ఆధారాలు కూడా పోతాయి.

గత ఏడాది ఇదే పాస్ కొన్నవారు ప్రకటన, చెల్లింపు, సంభాషణల స్క్రీన్‌షాట్‌లు తీసుకొని వచ్చే ఆదివారం సాయంత్రం నెల్లూరు వీఆర్సీ మైదానం దగ్గర మమ్మల్ని కలవవచ్చు. రాలేనివారు అవే ప్రతులను గ్రూపులో కాకుండా నాకు విడిగా పంపండి, వాటిలో మీ బ్యాంకు ఖాతా సంఖ్య కనిపిస్తే చెరిపి పంపండి. దుకాణం పేరును గానీ యజమాని ఫోన్ నంబరును గానీ ఈ పోస్టు కింద ఎవరూ రాయవద్దని మనవి.