పాత హారర్ కథని గేమ్ చెయ్యాలంటే: ప్లాట్ తెచ్చుకోవాలా, భయపెట్టే పద్ధతి తెచ్చుకోవాలా, ఏది మేలు?

పాత హారర్ కథ మీద గేమ్ వచ్చిందంటే చాలు, మాటలన్నీ ఒక్క చోటికే వస్తాయి, కథకి ఎంత దగ్గరగా తీశారు అని. పాత్రల పేర్లు అవేనా, ఊరు అదేనా, ముగింపు ఏమన్నా మార్చారా, ఇలా. నాకు ఆ కొలత ఎప్పుడూ సరిపోలేదు. ఎందుకంటే ఆ కథలు చదువుతున్నప్పుడు మనల్ని భయపెట్టేది జరిగిన సంగతి ఒక్కటే కాదు, ఆ సంగతి చెప్తున్న మనిషి కూడా. వాడికి ఏం తెలీదు, ఏం చూసి కూడా చెప్పలేకపోతున్నాడు, మన దగ్గర ఏం దాస్తున్నాడు, భయం చాలావరకు అక్కడే ఉంటుంది. గేమ్ లో ఆ చెప్పే మనిషే ఉండడు, వాడి స్థానంలో మనం కూర్చుంటాం. మరి వాడితో పాటు పోయిన భయాన్ని ఎక్కడి నుంచి తేవాలి?

దీనికి రెండు దారులు కనిపిస్తాయి. కథని ప్లాట్ తో సహా, అంటే సంఘటనల వరసతో సహా, ఎత్తుకొచ్చి పెట్టడం ఒకటి, ప్లాట్ వదిలేసి ఆ కథ భయపెట్టే పద్ధతిని మాత్రమే తీసుకోవడం ఇంకోటి.

మొదటి దారికి నాకు గుర్తొచ్చేది 2005లో ఎక్స్‌బాక్స్ మీద వచ్చిన కాల్ ఆఫ్ థుల్హూ: డార్క్ కార్నర్స్ ఆఫ్ ది ఎర్త్. అమెరికన్ హారర్ రచయిత లవ్‌క్రాఫ్ట్ రాసిన ద షాడో ఓవర్ ఇన్స్‌మౌత్ (1936లో అచ్చయింది) కథే దీనికి వెన్నెముక. కథలో ఒక కుర్రాడు ఊళ్ళు చూసుకుంటూ తిరుగుతూ ఒక పాడుబడ్డ రేవు ఊరికి వస్తాడు, రాత్రి తప్పనిసరై అక్కడి హోటల్లో ఉండాల్సొస్తుంది, అర్ధరాత్రి ఎవరో బయట నుంచి తాళం తిప్పుతున్న చప్పుడు వినిపిస్తుంది. గేమ్ వాళ్ళు ఆ సీన్ ని దాదాపు అలాగే తెచ్చారు. గడియ వెయ్యాలి, బీరువా జరిపి అడ్డం పెట్టాలి, పక్క గదిలోకి దూరాలి, మళ్ళీ గడియ, మళ్ళీ పక్క గది, చేతిలో ఆయుధం లేదు, వెనక తలుపులు పగులుతున్నాయి. కథ చదివినప్పుడు ఆ గడియ సంగతి నాకు చిన్న వివరంలా అనిపించింది, గేమ్ లో అదే గడియ కోసం గదంతా వెతుకుతుంటే చేతులు చెమట పట్టేశాయి. పైగా స్క్రీన్ మీద హెల్త్ బార్ లాంటిది ఏదీ ఉండదు, ఊపిరి, రక్తం, కుంటుకుంటూ నడవడం, వీటిని బట్టే మన పరిస్థితి తెలుసుకోవాలి. ప్లాట్ ని నమ్ముకుంటే ఎంత గొప్పగా రావచ్చో చెప్పడానికి ఈ ఒక్క సీన్ చాలు.

కానీ ఆ తర్వాత చేతికి తుపాకీ వస్తుంది. కథలో ప్రభుత్వం ఆ ఊరి మీద దాడి చేసిన సంగతి మొదట్లోనే క్లుప్తంగా చెప్పేసి వదిలేస్తారు, గేమ్ లో అది గంటల తరబడి కాల్పులు. ఇక్కడ పోయింది భయం ఒక్కటే అయితే నేను ఇంత బాధపడేవాణ్ణి కాదు. ఆ కథ అసలు దెబ్బ చివర్లో ఉంది, ఏ మనుషుల్ని చూసి అసహ్యపడి పారిపోయాడో తన ఒంట్లో ఉన్నది కూడా వాళ్ళ రక్తమే అని ఆ కుర్రాడికి తెలియడం, తెలిశాక మెల్లగా ఆ భయం కూడా పోవడం. వాళ్ళని వరసపెట్టి కాల్చుకుంటూ వచ్చిన ప్లేయర్ కి ఆ మాట ఎక్కడ తగులుతుంది? వాళ్ళు వాడికి చుట్టాలు కాదు, టార్గెట్లు అయిపోయారు. సంఘటనలు తెచ్చుకుని, వాటిని కలిపే దారాన్ని మాత్రం తెంపేసుకున్నట్టయింది.

రెండో దారికి వద్దాం, 2010లో స్వీడన్ కి చెందిన ఫ్రిక్షనల్ గేమ్స్ వాళ్ళు తీసిన ఆమ్నీషియా: ద డార్క్ డిసెంట్. ఇది ఏ ఒక్క కథకీ అడాప్టేషన్ కాదు. 1839లో ఒక పాత కోట, డేనియల్ అనే మనిషి తనేం చేశాడో మర్చిపోయి నిద్ర లేస్తాడు, మర్చిపోయే మందు తాగింది తనే, ఉత్తరం రాసిపెట్టుకుంది కూడా తనకు తనే. ఆ సెటప్ లోనే పాత కథల వాసన ఉంది కదా, తన గురించి తనకే తెలియని మనిషి మనకి కథ చెప్పడం. ఇక ఆడటం మొదలుపెడితే ఆయుధం అనేదే లేదు. చీకట్లో ఉంటే మతి చెడుతుంది, వెలుగులో ఉంటే అక్కడ తిరిగే జీవుల కంట పడతాం, లాంతర్లో నూనె అయిపోతూ ఉంటుంది. అన్నిటికన్నా నాకు నచ్చిన రూల్, ఎదురుగా ఉన్న జీవిని అలాగే చూస్తూ ఉంటే కూడా మతి చెడుతుంది. అంటే గోడ వైపు తిరిగి నిలబడి, అది వెళ్ళిపోయిందా లేదా చెవులతో విని తెలుసుకోవాలి.

ఈ రూల్ ఎందుకంత ముఖ్యమో కొంచెం చెప్పాలి. పాత కథల్లో రచయిత "దాని రూపం నేను చెప్పలేను" అని రాసి తప్పుకోవచ్చు, చదివేవాడి బుర్ర మిగతాది నింపేసుకుంటుంది. గేమ్ కి ఆ అవకాశం లేదు, ఎవరో ఒకరు కూర్చుని దాన్ని మోడల్ చెయ్యాలి, ఒకసారి మోడల్ చేశాక దానికి కాళ్ళెన్ని, పళ్ళెన్ని అన్నీ లెక్కకొచ్చేస్తాయి. ఆమ్నీషియా వాళ్ళు చూసే హక్కునే ఖరీదైనదిగా చేశారు. అదే గేమ్ లో నీళ్ళు నిండిన నేలమాళిగ ఒకటుంది, అక్కడ ఉన్నదానికి రూపమే లేదు, నీళ్ళలో అడుగులు చిమ్మడం తప్ప. పెట్టె మీద నుంచి పెట్టె మీదకి దూకుతూ, ఆ చిమ్ముడు ఎటు వస్తోందో చూస్కుంటూ వెళ్ళాలి. "చెప్పలేను" అనే వాక్యాన్ని గేమ్ భాషలోకి ఇంతకన్నా బాగా తెచ్చిన చోటు నేను చూడలేదు. దగ్గరగా వచ్చింది అంటే 2015 నాటి బ్లడ్‌బోర్న్, అందులో ఇన్‌సైట్ (దాగి ఉన్నవాటిని చూసే శక్తిని కొలిచే అంకె) బాగా పెరిగాక, ఇన్నాళ్ళూ మనం మామూలుగా తిరిగిన చర్చి గోడకి ఏం వేలాడుతోందో అప్పుడు కనిపిస్తుంది. అది కొత్తగా వచ్చింది కాదు, మొదటి నుంచీ అక్కడే ఉంది.

అలాగని రెండో దారికి లోటు లేదా అంటే ఉంది. పద్ధతి ఒక్కటే తెచ్చుకుంటామని బయల్దేరినవాళ్ళలో చాలామంది చివరికి తెచ్చుకునేది డెకరేషన్, పొగమంచు, గబ్బిలాలు, టెంటకిల్స్ (ఆక్టోపస్ కి ఉండేలాంటి చేతులు), చిరిగిన డైరీ పేజీలు. శానిటీ మీటర్, అంటే పాత్రకి మతి ఎంత మిగిలిందో చూపించే బార్, దాని సంగతి కూడా అంతే. మతిని అంకెల్లో లెక్కపెట్టడం 1981లో వచ్చిన కాల్ ఆఫ్ థుల్హూ టేబుల్‌టాప్ గేమ్ (బల్ల చుట్టూ కూర్చుని మాటలతో ఆడేది) లో ఉంది, అక్కడ అది బాగా కుదిరింది, ఎందుకంటే ఆ అంకె తగ్గినప్పుడు మనిషి ఎలా మారాడో చుట్టూ కూర్చున్నవాళ్ళు మాటల్లో ఆడి చూపిస్తారు. వీడియో గేమ్ లో ఆ బార్ ఒక్కటే మిగిలితే అది ఇంకో హెల్త్ బార్, తగ్గితే నింపుకుంటాం, అంతే. 2002లో ఎటర్నల్ డార్క్‌నెస్ అనే గేమ్ ఇది గ్రహించి పాత్ర మతిని వదిలేసి మన మతి మీదకి వచ్చింది, టీవీ సౌండ్ దానంతటదే తగ్గిపోతున్నట్టు, సేవ్ ఫైల్స్ డిలీట్ అయిపోతున్నట్టు చూపించింది. ఒకసారికి అద్భుతం, రెండోసారికి మాత్రం ట్రిక్ అని తెలిసిపోతుంది.

ఇంకో లోటు చావు. కథలో మనిషి ఒక్కసారే చస్తాడు. గేమ్ లో అదే కారిడార్ లో ఆరోసారి చచ్చాక అక్కడ భయం ఉండదు, విసుగుంటుంది. ఈ విషయంలో రెండు దారులూ ఒకేలా దెబ్బ తింటాయి. ఆమ్నీషియాలో కొన్ని చోట్ల మనం చచ్చి తిరిగొస్తే ఆ జీవి అక్కడ ఉండదు, లేదా వేరే చోటికి మారి ఉంటుంది. ఆట తేలికైపోదా అనిపిస్తుంది గానీ, బట్టీ పట్టిన దారి పనికిరాకపోతే భయం మళ్ళీ తాజాగా ఉంటుంది.

ఈ రెండిటి మధ్యలో పెద్దగా ఎవరూ గుర్తుచేసుకోని గేమ్ ఒకటుంది, 1995 నాటి ది డార్క్ ఐ. ఎడ్గర్ అలన్ పో కథలు తీసుకుని, ఒక్కోదాన్ని చంపినవాడి వైపు నుంచీ చచ్చినవాడి వైపు నుంచీ రెండుసార్లు ఆడిస్తుంది. ప్లాట్ ముట్టుకోలేదు, చెప్పే గొంతుని మార్చింది. పో రాసిన ద టెల్-టేల్ హార్ట్ కథలో ఒక ముసలాయన్ని చంపిన హంతకుడు నేను పిచ్చివాణ్ణి కాదు అని మనల్ని ఒప్పించాలని చూస్తుంటాడు, ఆ ముసలాయనకి మాటే లేదు. ఇక్కడ ఆ ముసలాయన కళ్ళలోంచి చూస్తాం, ఏం జరగబోతోందో ముందే తెలిసి కూడా. ఆడటానికి ఇప్పుడు ఓపిక కావాలి, కదలికలు నెమ్మది, కానీ ఐడియా ఇప్పటికీ పదునుగానే ఉంది.

కాబట్టి నన్ను అడిగితే రెండో దారే మేలు, కానీ ఒక షరతు మీద, ఒక కథని పట్టుకుని, అందులో చెప్పేవాడికి ఏది అందట్లేదో కనిపెట్టి, దాన్ని రూల్ గా మార్చాలి. ఆ రూల్ దొరికాక ప్లాట్ ని ఎంతవరకు ఉంచుకున్నా ఇబ్బంది లేదు. కథలో ఉన్నవాడికి తుపాకీ లేకపోతే గేమ్ లోనూ ఇవ్వకండి, మార్కెటింగ్ వాళ్ళు ఎంత అడిగినా.

నాకు ఎప్పటి నుంచో ఒక కథ మీద ఆశ ఉంది, ఆల్జెర్నన్ బ్లాక్‌వుడ్ రాసిన ద విల్లోస్, 1907. వరదలో ఉన్న డాన్యూబ్ నది మధ్య ఇసుక దిబ్బ మీద ఇద్దరు స్నేహితులు పడవ ఆపి గుడారం వేసుకుంటారు. రాక్షసుడు ఎదురుపడడం, వెంటపడడం లాంటిదేమీ ఉండదు. దిబ్బ నీళ్ళకి కోసుకుపోతూ చిన్నదవుతుంది, తెడ్లలో ఒకటి కనిపించదు, పడవకి అడుగున చీలిక, ఇసుకలో గరాటు ఆకారం గుంటలు. దీన్ని గేమ్ చేస్తే శానిటీ బార్ అక్కర్లేదు, ఉన్నట్టుండి ఉలిక్కిపడేలా చేసే జంప్ స్కేర్ అక్కర్లేదు. రాత్రి పడుకునే ముందు మన సామాను మనమే సర్దుకుంటాం, ఏది ఎక్కడ పెట్టామో గేమ్ ఎక్కడా రాసి చూపించదు, మనమే గుర్తుపెట్టుకోవాలి. తెల్లారి గుడారంలోంచి బయటికొచ్చాక విల్లో పొదలు నిన్నటికన్నా దగ్గరగా ఉన్నాయా, లేక దిబ్బే తగ్గిందా అన్నది తేలదు. పక్కన స్నేహితుడు మామూలుగా అడుగుతాడు, రాత్రి తెడ్లు ఎన్ని పెట్టావు అని.