ఉప్పు పూర్తిగా మానడమా, కొలిచి తినడమా? లివర్ సిర్రోసిస్‌లో ఏది మేలు?

లివర్ గట్టిపడిపోయే సిర్రోసిస్ వల్ల పొట్టలో నీరు చేరిందని తేలగానే డాక్టర్లు చెప్పే మొదటి జాగ్రత్తల్లో ఉప్పు తగ్గించడం ఒకటి. ఎంత తగ్గించాలి, దేంట్లో తగ్గించాలి అన్న వివరం మాత్రం చాలాసార్లు ఆ గదిలోనే ఉండిపోతుంది. ఇంటికి వచ్చాక కొందరు ఉప్పు డబ్బానే కంటికి కనపడకుండా దాచేస్తారు. ఇంకొందరు పైన చల్లుకునే ఉప్పు మానేసి, తగ్గించాం కదా అని ధీమాగా మిగతావన్నీ మామూలుగానే తింటారు. ఈ రెండూ కాక మూడో దారి ఒకటుంది. రోజుకు ఇంత అని లెక్క పెట్టుకుని, ఆ లెక్కలోనే కడుపునిండా తినడం. నా ఓటు దానికే.

ఎందుకో తెలియాలంటే నీరు ఎలా చేరుతుందో కాస్త చూడాలి. గట్టిపడిన లివర్ గుండా రక్తం సాఫీగా పోలేదు. పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చే పోర్టల్ సిరలో ఒత్తిడి పెరుగుతుంది, పేగుల చుట్టూ ఉన్న రక్తనాళాలు వెడల్పవుతాయి, రక్తం అక్కడే ఎక్కువగా నిలిచిపోతుంది. ఒంట్లో నీరు కావలసినదానికంటే ఎక్కువే ఉన్నా, కిడ్నీలకు మాత్రం రక్తం చాలడం లేదన్న కబురే అందుతుంది. దాంతో ఆల్డోస్టిరోన్ వంటి హార్మోన్లు పెరిగి, కిడ్నీలు సోడియాన్ని బయటికి వదలకుండా పట్టి ఉంచుతాయి. సోడియం ఎక్కడ ఆగితే నీరూ అక్కడే ఆగుతుంది.

ఇక లెక్క. ఉప్పు బరువులో 40 శాతం సోడియం. అంటే 5 గ్రాముల ఉప్పులో 2 గ్రాముల సోడియం ఉంటుంది. పొట్టలో చేరే నీరు లీటరుకు సుమారు 3 గ్రాముల సోడియాన్ని మోస్తుంది. రోజుకు 10 గ్రాముల ఉప్పు తినే మనిషి లోపలికి 4 గ్రాముల సోడియం పంపుతున్నట్టు. కిడ్నీలు అందులో 1 గ్రామే వదిలితే మిగిలిన 3 గ్రాములు ఒక లీటరు నీటిని పట్టుకుని కూర్చుంటాయి. అదే మనిషి 5 గ్రాముల ఉప్పుతో సరిపెట్టుకుంటే ఆ లీటరు చేరడానికి ఒక రోజు కాదు, మూడు రోజులు పడుతుంది. నీరు తీసే మాత్రలతో కిడ్నీలు వదిలే సోడియం కాస్త పెరిగిందంటే అసలు చేరకపోనూవచ్చు. ఈ ఆహార నియమం ప్రాణమంతా ఈ చిన్న లెక్కలోనే ఉంది.

అమెరికా లివర్ నిపుణుల సంఘం చెప్పే హద్దు రోజుకు 2 గ్రాముల సోడియం, అంటే 5 గ్రాముల ఉప్పు. యూరప్ సంఘం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇది 4.6 నుంచి 6.9 గ్రాముల ఉప్పు. రెండూ దాదాపు ఒకటే. ఈ హద్దు పొట్టలో నీరు చేరినవారి కోసం. సిర్రోసిస్ ఉన్నా ఒక్కసారి కూడా నీరు చేరనివారు ముందుజాగ్రత్తగా ఇంత కట్టడి చేసుకోవాలనడానికి ఆధారాలు లేవు. ఎవరికైనా మంచిదని చెప్పే మామూలు మితం వాళ్లకూ చాలు.

పూర్తిగా మానేస్తే ఏమవుతుంది?

తక్కువ తింటే మంచిదన్నప్పుడు అసలు తినకపోతే ఇంకా మంచిదే కదా అనిపిస్తుంది. ఇక్కడ అది నిజం కాదు. సోడియం రోజుకు 1 గ్రాము కంటే కిందికి దింపొద్దని యూరప్ మార్గదర్శకాలు స్పష్టంగానే చెబుతున్నాయి. అంత కట్టడిలో నీరు తీసే మాత్రల దుష్ప్రభావాలు పెరుగుతాయి, పైగా మనిషి తిండి మానేస్తాడు.

ఈ రెండో మాటను తేలిగ్గా తీసుకోకూడదు. సిర్రోసిస్‌లో ఆకలి ముందే తక్కువ. పొట్టలో నీరు కడుపును నొక్కుతూ నాలుగు ముద్దలకే నిండిపోయినట్టు చేస్తుంది. జింక్ లోపం ఉంటే నాలుకకు రుచి సరిగ్గా తెలియదు. వీటికి తోడు చప్పిడి తిండి పెడితే పళ్లెం సగం అలాగే వెనక్కి వెళుతుంది. లివర్ గ్లూకోజ్‌ను దాచుకోలేని స్థితిలో ఉంటుంది కాబట్టి తిండి తగ్గగానే శరీరం కండను కరిగించుకోవడం మొదలుపెడుతుంది. కండ పోయేకొద్దీ నీరసం, ఇన్ఫెక్షన్లు, మగతా తికమకా పెరుగుతాయి. ఒంట్లో పేరుకుంటే మగత తెచ్చే అమ్మోనియాను లివర్ తర్వాత ఎక్కువగా సర్దుబాటు చేసేది కండరాలే.

ఇటలీలో 120 మంది రోగుల మీద చేసి 2015లో ప్రచురించిన ఒక అధ్యయనం నాకు తరచూ గుర్తొస్తుంది. ఉప్పు నియమాన్ని నిజంగా పాటిస్తున్నవారు మూడో వంతు కూడా లేరు. దాదాపు 45 శాతం మంది పాటిస్తున్నామని నమ్ముతూనే పాటించడం లేదు. అంతకంటే కలవరపెట్టే విషయం, నిజంగా పాటించినవారు తీసుకునే కేలరీలు సగటున 20 శాతం తగ్గిపోయాయి. అంటే చాలామంది ఉప్పునే కాదు, ఉప్పుతోపాటు తిండినీ తగ్గించేసుకున్నారు. సలహా ఇచ్చేవాళ్లు ఏం తినకూడదో చెప్పి, ఏం తినాలో చెప్పకుండా వదిలేస్తే జరిగేది ఇదే.

స్థూలకాయం లేనివారికి రోజుకు కిలో బరువుకు కనీసం 35 కేలరీలు, 1.2 నుంచి 1.5 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఆ బరువు నీటితో కలిపి చూసింది కాకూడదు, నీరు తీసేస్తే ఉండే అంచనా బరువు కావాలి. మగత వచ్చిందని ప్రోటీన్ తగ్గించే పాత పద్ధతిని ఇప్పుడు వద్దంటున్నారు. రాత్రి పడుకునే ముందు పిండిపదార్థం ఉన్న చిన్న ఆహారం తీసుకుంటే రాత్రంతా కండ కరగకుండా కొంత కాపాడుతుంది. ఉప్పు తక్కువైన పళ్లెం ఖాళీ అవుతోందా లేదా అన్నదే నా దృష్టిలో అసలు పరీక్ష. పళ్లెం ఖాళీ కావాలంటే కొద్దిగా ఉప్పు వేయక తప్పదంటే, హద్దు దాటనంతవరకూ వేయడమే మేలు.

పైన చల్లేదా, లోపల దాగినదా?

ధీమాగా తినేవాళ్ల దారిలో తిరకాసు ఇక్కడుంది. గుడ్డులో సుమారు 70 మిల్లీగ్రాములు, ఒక కప్పు పాలలో 100 చొప్పున సోడియం సహజంగానే ఉంటుంది. పళ్లు, కూరగాయలు, ధాన్యాల్లో ఉండేది చాలా తక్కువ. ఇలాంటి ముడి సరుకుతో ఇంట్లో వండుకుంటే రోజంతటికీ కలిపి అర టీస్పూను ఉప్పు వేసుకునే వీలు దాదాపుగా ఉంటుంది. అదే బ్రెడ్, చీజ్, డబ్బా సూప్, నిల్వ మాంసం, సాస్‌లు రోజులో చేరాయంటే ఒక్క చిటికెడు చల్లకుండానే సోడియం 2 గ్రాములు దాటిపోతుంది. ఒక్క టేబుల్ స్పూను సోయా సాస్‌లోనే దాదాపు 900 మిల్లీగ్రాములు ఉంటుంది.

కాబట్టి ప్యాకెట్ తిండి తింటూ పైన ఉప్పు మానేయడం, ఇంట్లో కొద్దిగా ఉప్పేసి వండుకోవడం పక్కపక్కన పెడితే రెండోదే గెలుస్తుంది. రుచిలోనూ అదే ముందుంటుంది. ఆ అర టీస్పూను ఉప్పును పొద్దున్నే ఒక చిన్న గిన్నెలో విడిగా తీసి పెట్టుకోవడం మంచి పద్ధతి. వంట పూర్తయ్యాక, వడ్డించేటప్పుడు పైన వేస్తే నాలుకకు ముందుగా తగులుతుంది, తక్కువలోనే రుచి తెలుస్తుంది. ఇంట్లో మిగతావాళ్ల వంట మామూలుగానే సాగిపోతుంది.

ప్యాకెట్ కొనక తప్పనప్పుడు లేబుల్ చదవాలి. కొన్ని దేశాల్లో సోడియం రాస్తారు, కొన్నిచోట్ల ఉప్పు రాస్తారు. సోడియాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు లెక్క వస్తుంది. 100 గ్రాములకు 120 మిల్లీగ్రాముల లోపు సోడియం ఉంటే తక్కువ కిందికి వస్తుంది. ముందు వైపు పెద్ద అక్షరాలతో రాసిన 'సోడియం తగ్గించినది' అన్న మాటను నమ్మకండి. అదే సరుకు మామూలు రకం కంటే పావు వంతు తగ్గించినా ఆ మాట రాసుకోవచ్చు, మామూలు రకమే ఉప్పు గనిలా ఉంటే పావు తగ్గి ఏం లాభం?

తిండి కాని సోడియం కూడా ఉంది. నీళ్లలో వేస్తే బుసబుస పొంగే మాత్ర ఒక్కొక్కదానిలో సుమారు 400 మిల్లీగ్రాములు ఉండొచ్చు. రోజుకు నాలుగు వేసుకుంటే హద్దులో ముప్పావు వంతుకు పైగా అక్కడే అయిపోయింది. గ్యాస్‌కని కలుపుకునే వంట సోడా టీస్పూనుకు 1,200 దాటుతుంది. ఇవి ఎవరి డైట్ చార్టులోనూ కనిపించవు.

మామూలు ఉప్పా, 'లో సోడియం' ఉప్పా?

సముద్రపు ఉప్పు, గులాబీ ఉప్పు సంగతి రెండు ముక్కల్లో తేల్చేయొచ్చు. సోడియం దాదాపు అంతే, ధర ఎక్కువ.

లో సోడియం ఉప్పు సంగతి అలా కాదు. ఇందులో సోడియం క్లోరైడ్‌లో కొంత భాగాన్ని, కొన్నిట్లో మొత్తాన్నీ తీసి, పొటాషియం క్లోరైడ్ పెడతారు. బీపీ ఉండి కిడ్నీలు బాగున్నవారికి ఇది మంచి మార్పే కావచ్చు. సిర్రోసిస్‌లో పొట్ట నీటికి మొదట ఇచ్చే మాత్ర స్పైరనోలాక్టోన్. అది పనిచేసే తీరే సోడియాన్ని బయటికి పంపి, పొటాషియాన్ని ఒంట్లో ఉంచడం. దాని మీద పొటాషియం ఉప్పు కూడా చేరితే, అందులోనూ కిడ్నీలు కాస్త నెమ్మదించి ఉంటే, రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. దీనికి ముందుగా లక్షణాలు కనిపించాలన్న నియమం లేదు. అందుకే ఈ రెండింటిలో మామూలు ఉప్పును కొలిచి వాడుకోవడమే మేలు. డాక్టర్ రక్తపరీక్ష చూసి సరే అంటే తప్ప పొటాషియం ఉప్పు జోలికి పోవద్దు. నిమ్మరసం, వెనిగర్, వెల్లుల్లి, మిరియాలు, జీలకర్ర, ఎండబెట్టిన ఆకులు రుచిని చాలావరకు నిలబెడతాయి. మొదటి వారాలు కష్టంగానే ఉంటాయి. కొన్ని వారాలు గడిస్తే నాలుక తక్కువ ఉప్పుకు అలవాటు పడుతుంది, పాత తిండి తిన్నప్పుడు అదే మరీ ఉప్పగా తోస్తుంది.

ఉప్పు తగ్గించడమా, మాత్ర పెంచడమా?

ఉప్పు తగ్గించినంత మాత్రాన నీరు తగ్గేది పదిమందిలో ఒకరిద్దరికే. మిగతావారికి మాత్రలు కావాలి. అలాగని నచ్చినంత ఉప్పు తిని మాత్రలు పెంచుకుంటూ పోవడం కుదరదు. డోసు పెరిగేకొద్దీ కిడ్నీలు దెబ్బతినడం, రక్తంలో సోడియం పడిపోవడం, కండరాలు పట్టేయడం, మగత, ఇవన్నీ వెంటపడతాయి. కొందరు మాత్రల కంటే నెలకోసారి సూదితో నీరు తీయించుకోవడమే సుఖమంటారు. తీసిన రోజు నిజంగానే హాయిగా ఉంటుంది. ఉప్పు అలాగే కొనసాగితే నీరు త్వరగా తిరిగి చేరుతుంది, తీసిన ప్రతిసారీ దానితో ప్రోటీనూ పోతుంది. ఉప్పు, మాత్ర ఒకదానికొకటి బదులు కావు. తిండిలో ఉప్పు ఎంత అదుపులో ఉంటే మాత్ర అంత తక్కువ డోసులో పనిచేస్తుంది.

మాత్రలు మింగుతున్నా నీరు తగ్గకపోతే, అది తిండి తప్పా, మందు చాలకపోవడమా అన్నది ఊహించి కుటుంబంలో గొడవపడక్కర్లేదు. 24 గంటల మూత్రంలో సోడియం ఎంత పోతోందో కొలిస్తే తెలుస్తుంది. సోడియం బాగానే పోతున్నా బరువు తగ్గకపోతే ఉప్పు ఎక్కడి నుంచో వస్తున్నట్టు. పోయేదే తక్కువైతే మందు సంగతి చూడాలి.

నీళ్లు తగ్గించడమా, ఉప్పు తగ్గించడమా?

పొట్టలో నీరుంది కాబట్టి తాగే నీళ్లు తగ్గించాలని చాలామంది అనుకుంటారు. రక్తంలో సోడియం లీటరుకు 125 మిల్లీమోల్స్ కంటే కిందికి పడితే తప్ప సాధారణంగా నీళ్లకు కట్టడి అక్కర్లేదు. దాహంతో అల్లాడించి లాభం లేదు.

ఇక్కడే ఇంకో తికమక ఉంది. రిపోర్టులో సోడియం తక్కువ అని కనిపించగానే ఇంట్లోవాళ్లు ఉప్పు పెంచేస్తారు. సిర్రోసిస్‌లో చాలాసార్లు ఒంట్లో సోడియం ఎక్కువే ఉంటుంది, నీరు అంతకంటే ఎక్కువై అది పలచబడుతుంది. అప్పుడు ఉప్పు పెంచితే పొట్ట పెరుగుతుంది తప్ప రిపోర్టు బాగుపడదు. మాత్రల వల్ల నీరూ సోడియమూ రెండూ అతిగా పోయిన సందర్భాలు వేరు. ఏది ఏదో తేల్చి మందు ఆపాలా, నీళ్లు తగ్గించాలా చెప్పాల్సింది డాక్టరే. ఆ రిపోర్టు పట్టుకుని వంటింట్లోకి కాదు, ఆసుపత్రికే వెళ్లాలి.

ఎంచుకున్న దారి పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి బరువు తూచే యంత్రం ఒక్కటి చాలు. పొద్దున్నే మూత్రానికి వెళ్లొచ్చి, ఏమీ తినకముందు, దాదాపు ఒకే బరువున్న బట్టలతో తూచుకుని రాసుకోవాలి. మాత్రలు వాడుతున్నప్పుడు కాళ్ల వాపు లేనివారికి రోజుకు అర కిలో, వాపు ఉన్నవారికి 1 కిలో వరకు తగ్గడం సరైన వేగం. అంతకంటే వేగంగా తగ్గుతుంటే సంతోషపడకుండా ఫోన్ చేయాలి, మాత్ర ఎక్కువైందేమో చూస్తారు. వరుసగా రెండు మూడు రోజులు బరువు పెరుగుతుంటే ఆ రోజుల్లో తిన్నవీ వేసుకున్న మాత్రలూ రాసుకుని చూపించాలి. జ్వరం, పొట్టలో నొప్పి, కొత్తగా తికమక, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, వీటిలో ఏది కనిపించినా మాత్రం ఉప్పు లెక్కలు పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.