కాలుతో కాదు, చేత్తో బ్రేక్: హనుమకొండలో నా కారు క్లాసులు

నాకు కుడికాలు పోలియో. మొదట వెళ్లిన డ్రైవింగ్ స్కూల్ వాళ్లు కాలికి కట్టుకునే క్యాలిపర్ (ఊతపట్టీ) చూసి "మీతో కాదన్నా" అని తేల్చేశారు, ఫీజు ఎంతో కూడా చెప్పలేదు. హనుమకొండలోని ఈ స్కూల్ సార్ మాత్రం హ్యాండ్ కంట్రోల్ బిగించిన నా ఆటోమేటిక్ కారులోనే నేర్పారు. రాడ్ ముందుకు నెడితే బ్రేక్, వెనక్కి లాగితే రేస్, స్టీరింగ్ తిప్పడానికి గుండ్రటి నాబ్. వినడానికి సులువే కానీ కాజీపేట ఫాతిమానగర్ బ్రిడ్జి మీద వెనక బస్సు హారన్ కొట్టేసరికి టెన్షన్‌లో నెట్టాల్సింది లాగేశాను, సార్ తిట్టకుండా హ్యాండ్‌బ్రేక్ లాగి నవ్వారు. లైసెన్స్‌కు అడాప్టెడ్ వెహికల్ (వికలాంగులకు అనువుగా మార్చిన బండి) కింద అప్లై చేయాలని, బిగించిన కిట్ ఆర్సీలో ఎక్కించుకోవాలని చెప్పింది కూడా ఆయనే. టైమింగే దారుణం, ఏడింటికి రమ్మని ఎనిమిదింటికి వస్తారు. ఆఫీసులోకి మూడు మెట్లున్నాయి, ర్యాంప్ లేదు, పట్టుకోవడానికి రెయిలింగూ లేదు.