అరసవల్లి వెళ్లే తల్లిదండ్రులారా, దారిలో పిల్లల పార్కు టికెట్ కొనేముందు ఇది చదవండి

పోయిన నెల శ్రీకాకుళం దగ్గర ఒక ప్రైవేటు పిల్లల పార్కులో మా నాలుగేళ్ల పాపకు కాలు కాలింది. వేసవిలో ఎండకు ఇలాంటివి మామూలే అని కొందరన్నారు. 600 రూపాయలు తీసుకుని లోపలికి పంపినవాళ్లు ఆ మాట అనడానికి వీల్లేదని నా అభిప్రాయం.

విజయనగరం నుంచి పొద్దున్నే రైల్లో వెళ్లాం. ఆదివారం కావడంతో అరసవల్లిలో విపరీతమైన రద్దీ. రెండున్నర గంటలు పాప మా అత్తయ్య కొంగు పట్టుకుని పేచీ పెట్టకుండా నిలబడింది. దర్శనం, భోజనం అయ్యాక కూడా తిరుగు రైలుకు చాలా సమయం ఉంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషను ఊళ్లో కాదు, ఆమదాలవలసలో ఉంటుంది. అక్కడికి ముందే వెళ్లి ప్లాట్‌ఫారం మీద పిల్లల్ని కూర్చోబెట్టడం ఎందుకని ఫోనులో పార్కుల కోసం వెతికాం. చెట్ల నీడ, పచ్చిక, రంగురంగుల జారుడుబల్లలు ఉన్న ఫొటోలు చూసి ఆటో మాట్లాడుకున్నాం.

టికెట్ మనిషికి 150. ఆడుకునేది పాప ఒక్కతే అయినా పెద్దవాళ్లం ముగ్గురమూ కొనాల్సిందే అన్నారు. చంటివాడికి మాత్రం వద్దన్నారు. లోపల ఏముందో కనిపించకుండా గేటు పొడవునా ఫ్లెక్సీ కట్టి ఉంది. నాకు అక్కడే అనుమానం రావాల్సింది.

ఫొటోల్లోని చెట్లు ఒక్కటీ లేవు. స్టీలు జారుడుబల్ల పడమటి ముఖంగా, మూడు గంటల ఎండకు ఎదురుగా ఉంది. నేను చంటివాణ్ణి అత్తయ్యకు అందించేలోపే పాప మెట్లెక్కి కూర్చుంది. గౌను పైకి లేచిపోయి తొడ వెనక భాగం రేకుకు ఆనింది. పాప కేక విని పరుగెత్తాను. ఆ రేకు మీద చెయ్యి పెడితే క్షణం కూడా ఉంచలేకపోయాను. అట్లపెనం మీద పెట్టినట్టే ఉంది. పసిపిల్లల చర్మం పలచన. అంత వేడి తగిలితే కొన్ని సెకన్లలోనే బొబ్బలెక్కుతుందట.

అక్కడి మనిషి టూత్‌పేస్టు తెచ్చాడు. అత్తయ్య వద్దని, పాపను కుళాయి కిందికి తీసుకువెళ్లి ఇరవై నిమిషాలు నీళ్లు పోస్తూనే ఉన్నారు. మర్నాడు డాక్టరు కూడా అదే సరైన పని అన్నారు. పేస్టు, వెన్న, ఐసు ముక్కలు ఏవీ పెట్టకూడదట.

పాప ఏడుపు తగ్గాక చుట్టూ చూస్తే నాకు ఒళ్లు జలదరించింది. ఊయల కొక్కెం ఒరుసుకుని సగం అరిగిపోయింది. అరిగిన చోట కొత్త నాణెంలా మెరుస్తోంది. కింద పరిచిన పచ్చ చాప అంచు ఎత్తి చూశాను. అడుగున సిమెంటు గచ్చు! నాలుగడుగుల ఎత్తు నుంచి బిడ్డ తల ఆ గచ్చుకు తగిలితే ఆ చాప దేన్ని ఆపుతుంది? కింద కనీసం తొమ్మిది అంగుళాల లోతున మెత్తని ఇసుక ఉండాలి. తొక్కితొక్కి గట్టిపడిన నేల కూడా గచ్చులాంటిదే.

డబ్బు వెనక్కి అడిగితే మేనేజరు టికెట్ తిప్పి చూపించాడు. ‘సొంత బాధ్యతపై ఆడుకోవలెను’ అని చిన్న అక్షరాల్లో ఉంది. పలాస నుంచి వచ్చిన ఒకావిడ నా పక్కకు వచ్చి, ‘అక్కా, ఇందాక మా బాబుకీ చేతులు కమిలాయి, వీళ్లకు చెప్పాను కూడా’ అంది. ముందే తెలిసీ బల్ల మీద ఒక గోనెపట్టా అయినా కప్పలేదు, చూడండి. నాకు కోపం ఆగనిది అక్కడే.

ఆ టికెట్‌ను చించి పారేయకుండా దాచాను. మీరూ దాచండి. నిర్లక్ష్యంతో కొనుగోలుదారుకు హాని చేయడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టంలో సేవాలోపం కిందికే వస్తుంది. టికెట్ వెనక ఒక వాక్యం అచ్చు వేసినంత మాత్రాన వాళ్ల బాధ్యత తీరిపోదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను.

ఇకమీదట మీరు ఏ ఊరు వెళ్లినా, ఉచిత మున్సిపల్ పార్కయినా సరే, బిడ్డను ఎక్కించేముందు బల్ల మీద మీ అరచెయ్యి ఐదు సెకన్లు ఆనించండి. రేకే కాదు, ప్లాస్టిక్కూ కాలుతుంది. కమ్మీల మధ్య సందులు చూడండి. మూడున్నర అంగుళాలకు మించి, తొమ్మిది అంగుళాలకు లోపు ఉంటే ఒళ్లు దూరిపోయి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. గుడికని వేసిన మెడ గొలుసు, ఓణీ, వేలాడే బొందులు తీసేయండి, అవి బోల్టుకు చిక్కుకుంటే గొంతు బిగుస్తుంది. పసిపిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని జారకండి. బిడ్డ పాదం అంచుకు తట్టుకుంటే మీ బరువుకు కాలి ఎముక విరుగుతుంది. మనం భద్రమనుకుని చేసే పని ఇది, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను.

లోపల చూడనివ్వకుండా టికెట్ కొనమంటే వెనక్కి తిరగండి. సాయంత్రం దాకా సమయం ఉంటే వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం వెళ్లి, ఎండ తగ్గాక అలలకు దూరంగా, మీ కళ్లెదుటే ఇసుకలో ఆడించండి.

పాప కట్టు మొన్న విప్పారు. ఇంటి దగ్గర పార్కుకు తీసుకువెళ్తే జారుడుబల్ల ఎక్కకుండా ముందు నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టింది.